సమ్మర్ క్యాంపా, అమ్మమ్మగారి ఊరా? పిల్లలకి నిలిచేది ఏది?

పర్లాకిమిడి కోడలు:
మా అబ్బాయికి పదేళ్లు. చదువు ఒడియా మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అక్షరం ముక్క రాదు. బరంపురంలో పది రోజుల సమ్మర్ క్యాంప్ ఉందట, రాత్రుళ్లు కూడా అక్కడే. ఫీజు ఆరు వేలు. మా ఆయనేమో "డబ్బు దండగ, గుణుపురం పాసింజరెక్కించి టెక్కలి అమ్మమ్మ దగ్గరికి పంపెయ్" అంటున్నారు. రెండేళ్లు పోయాక వాడిలో ఏమైనా మిగిలేది దేనివల్ల? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బరంపురం బాబాయ్:
మీ ఆయన మాటే నా మాటమ్మా. మే వస్తే మా వీధి నిండా ఫ్లెక్సీలే. అబాకస్, కరాటే, కీబోర్డు, డాన్సు, అన్నీ పది రోజుల్లోనే! చివరి రోజు సర్టిఫికెట్టు, గ్రూప్ ఫోటో. మా పెద్దమ్మాయి కరాటే డ్రెస్సు అటక మీదుంది. పైగా ఎండలు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా పోయారు, మరిచిపోయారా?

రుషికుల్య మాస్టారు:
ఫ్లెక్సీల విషయంలో బాబాయ్ గారితో పేచీ లేదు. రెండు గంటలు దింపి తీసుకొచ్చేది ట్యూషన్ లాంటిదే, దానికి ఎన్ని పేర్లు పెట్టినా. నేను చెప్పేది పిల్లలు ఇల్లు వదిలి రాత్రి పడుకునే క్యాంప్ గురించి. 1861లో అమెరికాలోని కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్మాస్టరు తన బడి పిల్లల్ని సుమారు 40 మైళ్లు నడిపించి, సముద్రం ఒడ్డున రెండు వారాలు గుడారాల్లో ఉంచాడు. ఇలాంటి క్యాంపులకి అదే మొదలంటారు. పడవలు, చేపలు, అంతే. అబాకస్ లేదు!

మేం కొందరు టీచర్లం కలిసి ఒక ఏప్రిల్‌లో పిల్లల్ని రుషికుల్య మొగ, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ ఫిబ్రవరి, మార్చిలో గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఎటు వెలుగుంటే అటే పోతాయి. ఊళ్లో లైట్లు వెలిగితే సముద్రం వదిలేసి రోడ్డు వైపు బయల్దేరతాయి. బెస్త కుర్రాళ్లు వలలు అడ్డంగా కట్టి, అక్కడ చిక్కినవాటిని బకెట్లలో వేసుకెళ్లి నీళ్ల దగ్గర వదిలారు. ఆ కుర్రాళ్లలో కొందరు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మా పిల్లలు నోరు తెరిచారు. తాబేళ్లని ముట్టుకోనివ్వలేదు, టార్చి కూడా వెయ్యనివ్వలేదు. చీకట్లో కూర్చుని చూడటమే. పొద్దున్నే పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం) తిని ఎవరి కంచం వాళ్లు కడుక్కున్నారు. బాత్రూం దగ్గర కొట్టుకున్నారు కూడా.

ఒకమ్మాయి మొదటి రాత్రి ఏడ్చి ఫోన్ ఇమ్మంది. ఇవ్వలేదు. రెండో రాత్రి ఇంకో పిల్ల ఏడిస్తే ఈ అమ్మాయే వెళ్లి పక్కన పడుకుంది. ఇప్పుడు భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉండి ప్లస్ టూ చదువుతోంది. ఇంటికొచ్చేస్తానని ఒక్కసారి కూడా అనలేదని వాళ్లమ్మ చెప్పింది. క్యాంప్ వల్లే అని ప్రమాణం చెయ్యలేను గానీ, కరాటే డ్రెస్సు కంటే నయమే కదా.

ఇచ్ఛాపురం అల్లుడు:
అమ్మమ్మ ఊళ్లో ఇప్పుడు ఎవరున్నారండీ? మా రోజుల్లో పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు కలిసి పదిమందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు వాళ్లంతా హైదరాబాద్‌లో. మా వాడు నెల రోజులు అమ్మమ్మ పక్కన కూర్చుని సెల్ చూసొచ్చాడు.

బరంపురం బాబాయ్:
సరే, ఆరు వేలు కట్టలేని ఇంటి పిల్లల మాటేంటి? వాళ్లకి ధైర్యం అక్కర్లేదా? ఇక ఆ పది రోజుల్లో తెలుగు కూడా నేర్పేస్తామంటారు చూడండి, వేసవిలో వచ్చిన గుణింతం దసరాకి ఉండదు.

రుషికుల్య మాస్టారు:
డబ్బు సంగతి నిజమే. మేం బియ్యం, పప్పు ఇళ్ల నుంచే తెప్పించాం, ఖర్చు బస్సుకే అయింది. క్యాంప్ అంటే ఏసీ హాలు అక్కర్లేదు. తెలుగు విషయంలోనూ మీదే రైటు. అమ్మా, గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మీది, అక్షరాల కోసం బరంపురం దాకా ఎందుకు? ఒడియా చదివే పిల్లాడికి గుణింతం పద్ధతి తెలిసే ఉంటుంది, కొత్తగా పట్టాల్సింది అక్షరాల రూపాలే. టెక్కలి పంపి రోజూ అమ్మమ్మకి పేపరు చదివి వినిపించమనండి. ధైర్యం కోసమైతే క్యాంపే. కాకపోతే కట్టేముందు రెండు అడగండి: రాత్రి దగ్గరుండేది ఎవరు, మధ్యాహ్నం ఎండలో ఏం చేయిస్తారు?

పర్లాకిమిడి కోడలు:
ఫోన్ చేశాను. రాత్రి ఉండేది వాచ్‌మన్ ఒక్కడేనట. మూడింటికి క్రికెట్ అట, అదీ మే నెలలో! మావాడికి టెక్కలే ఖాయం. మాస్టారూ, వచ్చే ఏడాది మీ తాబేళ్ల క్యాంప్‌కి ఎప్పుడు అడగాలి?

రుషికుల్య మాస్టారు:
మార్చి నెలాఖర్లో ఇక్కడే అడగండి. ముందు అవి గుడ్లు పెట్టాలి కదా, కొన్నేళ్లు గుంపులు అసలు రావు. బస్సు ఆ తరవాతే మాట్లాడతాం.