పల్స్ 52 ఉందని డిజాక్సిన్ (గుండె వేగం తగ్గించే మందు) గోలీ ఆపాను. తప్పా?

మిర్యాలగూడ_నైట్‌డ్యూటీ:
అందరికీ నమస్తే. జీఎన్‌ఎం (నర్సింగ్ కోర్సు) అయ్యాక 4 ఏళ్లుగా ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సును. ఏ ఆస్పత్రి అని మాత్రం అడగొద్దు.

మొన్న సోమవారం పొద్దున సంగతి. దామరచర్ల వైపు నుంచి వచ్చిన తాత, 70 దాటాయి, హార్ట్ ఫెయిల్యూర్. చార్ట్‌లో డిజాక్సిన్ 0.25 ఎంజీ, లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) ఉన్నాయి. రాత్రంతా ఓకరింపులే, అన్నం ముట్టలేదు. మందుల ట్రే తీసుకుని వెళ్తే "సిస్టరమ్మా, లైటు పచ్చగ కొడుతున్నదేంది?" అన్నాడు. ట్యూబ్‌లైట్ తెల్లగానే ఉంది. (ఆకుపచ్చా, పసుపుపచ్చా అని అడగలేదు. డిజాక్సిన్ ఎక్కువైతే రెండూ కనిపిస్తాయి.) స్టెత్ ఛాతీ మీద పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాను, 52. నమ్మకం లేక మళ్లీ లెక్కపెట్టినా అంతే.

గోలీ ఇవ్వలేదు. డ్యూటీ డాక్టర్‌కు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. "ఇవ్వలేదు, పల్స్ 52, వాంతులు" అని చార్ట్‌లో రాసి టైమ్ వేశాను. రౌండ్స్‌లో పెద్ద సార్ అది చూసి, పేషెంట్ల ముందే "ఇక్కడ డాక్టర్ నువ్వా, నేనా?" అన్నారు. రాసిన మందు ఆపే హక్కు మనకు ఉందా, లేదా?

జీఎన్‌ఎం_థర్డ్‌ఇయర్_సూర్యాపేట:
అక్కా, పరీక్షలో "60 కంటే తక్కువుంటే డోస్ ఆపి డాక్టర్‌కు చెప్పాలి" అని రాస్తే మార్కులు వేస్తారు. వార్డులో అదే చేస్తే తిట్లా?

పాలమూరు_సిస్టర్:
చెల్లీ, నువ్వు చేసింది తప్పు కాదు. సర్వీసు 22 ఏళ్లు దాటింది కాబట్టి ఎవరూ పైకి అనని మాట ఒకటి చెప్తాను. ఇలా నలుగురిలో తిట్లు తిన్న సిస్టర్ మళ్లీసారి ఏం చేస్తుందో తెలుసా? గోలీ ఆపుతుంది, కానీ చార్ట్‌లో ఇచ్చినట్టు టిక్ పెట్టేస్తుంది. గోలీ డస్ట్‌బిన్‌లోకి పోతుంది. సార్‌కు కోపం రాదు, పేషెంట్‌కు ఏమీ కాదు, అంతా ప్రశాంతం. కొత్తలో నేను కూడా రెండుసార్లు చేశాను. ఆ రోజుల్లో అది తెలివి అనుకున్నాను.

అసలు ప్రమాదం అదే. మర్నాడు సార్ వచ్చి చార్ట్ చూసి "డోస్ పడుతూనే ఉంది, అయినా గుండె వేగం తగ్గట్లేదే" అని ఇంకాస్త పెంచి రాస్తారు. నువ్వు కనీసం నిజం రాశావు.

నల్గొండ_క్యాజువాల్టీ:
డాక్టర్‌ను, కాబట్టి నన్నూ తిట్టండి. 52 పల్స్‌తో, వాంతులతో ఉన్న ముసలాయనకు నేనైనా డిజాక్సిన్ ఆపేవాణ్ణే. ఒంట్లో ఆ మందు సగానికి తగ్గడానికి కిడ్నీలు బాగున్నా ఒకటిన్నర రోజు పడుతుంది. ఒక పూట ఆగితే మునిగిపోయేది లేదు. ఆ సార్ అరవాల్సింది ఫోన్ ఎత్తని డ్యూటీ డాక్టర్ మీద.

కానీ "ఆపితే సేఫ్" అనే అలవాటుతోనే నాకు భయం. పత్తి చేలో కొట్టే మందు తాగిన కుర్రాడికి ఒకసారి అట్రోపిన్ (ఆ విషానికి విరుగుడు, పల్స్ పెంచుతుంది) డ్రిప్ పెట్టాం. రాత్రి 2 గంటలకు పల్స్ 128 ఉందని సిస్టర్ డ్రిప్ ఆపేసింది, నాకు ఫోన్ చేయలేదు. 4 గంటలకు నేను వెళ్లేసరికి ఛాతీ నిండా గురగుర, నోట్లో నురగ. అలాంటి కేసులో అట్రోపిన్ ఆపడానికి పల్స్ ఒక్కటే కారణం కాదు. ఛాతీలో తడి ఆరిందా, చంకలో చెమట ఆగిందా చూడాలి. జ్వరం, పిచ్చిమాటలు, పొట్ట కదలికలు ఆగడం ఉంటే అప్పుడు ఎక్కువైందని లెక్క. కుర్రాడు బతికాడు. ఆమె మీద నేను అందరి ముందే అరిచాను, అదీ నిజమే. పాలమూరు సిస్టర్ రాసింది చదివాక, ఆ తర్వాత ఆమె నా చార్టుల్లో ఏం రాసి ఉంటుందో అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

పాలమూరు_సిస్టర్:
సార్, అరిచే బదులు మీరు ఆర్డర్‌లోనే ఒక లైను రాయవచ్చు కదా. లేబర్ రూమ్‌లో ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్‌సల్ఫ్ (ఫిట్స్ ఆపే మందు) తర్వాతి డోస్ లోడ్ చేసే ముందు మోకాలి మీద కొట్టి కాలు ఎగురుతోందా చూస్తాం. శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గకూడదు, మూత్రం గంటకు 30 ఎంఎల్ అయినా ఉండాలి. ఏది లేకపోయినా ఆపుతాం, ట్రేలో దాని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉంటుంది. అక్కడ మమ్మల్ని "నువ్వు డాక్టరా?" అని అడిగినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ లెక్కలన్నీ గోడ మీద అంటించి ఉన్నాయి. డిజాక్సిన్ పక్కన "60 లోపుంటే ఆపి ఫోన్ చేయండి" అని రాయడానికి ఎంత సిరా కావాలి?

దేవరకొండ_కొడుకు:
నేను నర్సును కాదు, ఈ చర్చ చదివి ఆగలేకపోయాను. మా నాయనకు కూడా ఇదే గోలీ. చీటీ మీద "5/7" అని ఉంది. అదేంటో మాకు ఎవరూ చెప్పలేదు, రోజూ వేస్తున్నాం.

మిర్యాలగూడ_నైట్‌డ్యూటీ:
అన్నా, వారంలో 5 రోజులే వేయమని. రెండు రోజులు, మామూలుగా శని, ఆదివారాలు, వదిలేయమంటారు. ఇప్పటిదాకా 7 రోజులూ వేస్తుంటే ఈ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. వాంతులు, కళ్లకు పచ్చగా కనిపించడం, కళ్లు తిరగడం ఉంటే ఫోన్ కూడా వద్దు, తీసుకుపోండి.

మా వార్డులో తాత సంగతి కూడా అదే. నిన్న ఆయన కోడలిని అడిగాను, ఇంట్లో 7 రోజులూ వేశారట. రక్తంలో పొటాషియం 2.9కి పడిపోయింది, లాసిక్స్ పని. పొటాషియం తగ్గితే డిజాక్సిన్ మామూలు డోస్ కూడా విషంలా పనిచేస్తుంది. పెద్ద సార్ రిపోర్ట్ చూసి డిజాక్సిన్ కొట్టేశారు. నాతో ఏమీ అనలేదు. చార్ట్‌లో నేను రాసిన లైను కింద పొట్టి సంతకం పెట్టి పక్క బెడ్‌కు వెళ్లిపోయారు. అది మెచ్చుకోవడమా కాదా అని మా స్టాఫ్ రూమ్‌లో ఇంకా తేలలేదు.