నాకు 20 ఏళ్లు. నా హాజరు మెసేజ్ నాన్న ఫోనుకు ఎందుకు?

మడివాళ పీజీ
బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో ఏడాది. మాది ప్రొద్దుటూరు. మొన్న మంగళవారం నెలసరి నొప్పితో లేవలేక పీజీలోనే పడుకున్నాను. 9.40కి నాన్నకు మెసేజ్ వెళ్లింది, మొదటి పీరియడ్‌కు నేను రాలేదని. రెండు నిమిషాల్లో నాన్న ఫోన్. "ఎక్కడున్నావ్?" అంటున్నారు, వెనకాల షాపులో గిరాకీల గోల. ఆ గోల మధ్య ఏం చెప్పను? ఓటు కూడా వేశాను. నన్ను ఒక్క మాట అడక్కుండా నా వివరాలు ఇంటికి పంపే హక్కు కాలేజీకి ఉందా?

అనంతపురం నాన్న
కోప్పడకమ్మా. మా వాడు కూడా అక్కడే చదివాడు, వేరే కాలేజీ. వాళ్లు మెసేజ్‌లు పంపేవాళ్లు కాదు. హాజరు షార్టేజ్ వచ్చి పరీక్ష రాయనివ్వం అని కాలేజీ వాళ్లన్నాక గానీ నాకు తెలియలేదు. రాత్రి బస్సెక్కి పోయి చూస్తే గదిలో పట్టపగలు లైటు వేసుకుని పడుకున్నాడు. రెండు నెలలుగా అంతేనట. తిరుగుళ్లేం లేవు, మనసు బాగాలేదు. మొదటి వారంలోనే ఒక్క మెసేజ్ వచ్చుంటే అప్పుడే పోయేవాణ్ణి కదా. ఫీజు కట్టేది మేము అనే మాట నేననను. ఆ గది చూశాక ఆ మాట రాదు.

కోర్టు పక్షి
చట్టం మాట చెప్తా. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామి గారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో 18 నిండనివాళ్లకే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. నిండితే సమ్మతి ఇవ్వాల్సింది విద్యార్థే, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమూ విద్యార్థి ఇష్టమే. ఫీజు ఎవరు కడుతున్నారని ఆ చట్టం అడగదు. కాకపోతే నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా కాలేజీలు నింపాదిగానే ఉంటాయి.

డల్లాస్ దోసె
ఇక్కడ 1974 నుంచీ ఫెర్పా అనే చట్టం ఉంది. కాలేజీలో చేరితే చాలు, రికార్డుల మీద హక్కు విద్యార్థికే. అయితే ఒక మెలిక: పన్ను లెక్కల్లో పిల్లలు మీ మీద ఆధారపడినట్టు చూపిస్తే కాలేజీ మీకు చెప్పొచ్చు. అమెరికాలోనూ డబ్బు మాట అక్కడికే వచ్చింది!

బ్యాక్ బెంచి
నాన్న నంబరు అడిగితే రూమ్మేట్ నంబరు ఇచ్చా. నాలుగేళ్లూ వాడే నాకు తండ్రి 😄

పాత గుమాస్తా
మీరు మెసేజ్ దగ్గరే ఆగిపోయారు. నేను ఒక కాలేజీ అడ్మిషన్ సెక్షన్‌లో నాలుగేళ్లు పనిచేశాను. ఆధార్, కులం, ఆదాయం, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉండేవి. పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీద. ఒకసారి స్కాలర్‌షిప్ లిస్టు "వివరాలు సరిచూసుకోండి" అని క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఎవరి నాన్న ఆదాయం ఎంతో, ఎవరిది ఏ కులమో అందరికీ. డిలీట్ కొట్టేలోపే సగం మంది చూశారు. సాయంత్రం ఒకమ్మాయి ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి, తన నంబరుకు ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారని ఏడ్చింది. మా సూపరింటెండెంట్ "సిమ్ మార్చుకోమ్మా" అన్నాడు. సర్టిఫికెట్ల మీద పూర్తి ఆధార్ నంబరు ముద్రించొద్దని, యూనివర్సిటీలను చూసే యూజీసీ 2023 సెప్టెంబరులో చెప్పింది. కానీ ఆఫీసులో తిరిగే షీట్ల సంగతో?

కోర్టు పక్షి
దానికే ఆ చట్టంలో 250 కోట్ల దాకా జరిమానా పెట్టారు, డేటాకు తగిన భద్రత పెట్టకపోతే. మానిటర్ కింద చీటీ ఏ కోవలోకొస్తుందో మీరే చెప్పండి.

మడివాళ పీజీ
అంకుల్, మీ అబ్బాయి సంగతి చదివాక నాకూ కష్టంగా ఉంది. కానీ ఒక్క పీరియడ్ వేరు, రెండు నెలలు వేరు కదా. వరసగా నాలుగు రోజులు రాకపోతే ముందు నాకు పంపండి, నేను పలక్కపోతే ఇంటికి పంపండి. నేనడిగేది అంతే.

అనంతపురం నాన్న
నిన్న రాత్రి మా వాణ్ణి అడిగినాను, అప్పుడు మెసేజ్ వచ్చుంటే బాగుండేదా అని. "నువ్వు రావడం బాగుండేది. వచ్చే ముందు ఫోన్ చేసి తిట్టుంటావు" అన్నాడు. తిట్టుండేవాణ్ణే. అయినా నాలుగు రోజులు ఎక్కువమ్మా, రెండు చాలు.

మడివాళ పీజీ
సరే, మూడు 🙂 ఇవాళ ప్రాక్టర్ మేడమ్‌ని, అంటే మా బాగోగులు చూసే లెక్చరర్‌ని అడిగాను. సాఫ్ట్‌వేర్‌లో పేరెంట్ నంబరు గడి ఖాళీగా వదిలితే సేవ్ అవ్వదట. రోజులు మార్చడం వాళ్ల చేతిలో లేదట, ఆ కంపెనీ వాళ్లు చేయాలట. నాన్నకు చెప్తే, ఆ గడిలో నా నంబరే పెట్టమని సంతకం చేసిస్తానన్నారు. ఆయనకూ విసుగొచ్చింది, రోజూ షాపులో ఆ మోత.

పాత గుమాస్తా
రెండు కాపీలు తీసుకెళ్లమ్మా. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకో. "రేపు రా" అంటారు, అక్కడే నిలబడు.