ఉచిత బస్సు వల్లే మా ఆటో యాప్ యూజర్లు తగ్గారా?

ప్రశ్న (విజయవాడ):
ఇక్కడ నడిచే ఒక చిన్న ఆటో బుకింగ్ యాప్‌లో డేటా పని చేస్తాను. 2025 ఆగస్టు మధ్య నుంచి మా యాక్టివ్ యూజర్లు వారం వారం తగ్గుతున్నారు. ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలైంది కదా, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. "ఇంకేముంది, బస్సే కారణం" అని మా మేనేజర్ గారు తేల్చేశారు. నాకు మనసు ఒప్పడం లేదు. బస్సే అయితే రాత్రి పదింటి తర్వాత బెంజ్ సర్కిల్ రైడ్లు ఎందుకు తగ్గాలి? సోమవారం మీటింగ్, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
మీ లెక్కలో యాక్టివ్ అంటే యాప్ తెరిచినవాళ్లా, రైడ్ పూర్తి చేసినవాళ్లా? ఆగస్టులో కొత్త వెర్షన్ వదిలారా? ఒక్కోసారి అప్‌డేట్‌లో లెక్క నమోదు కావడమే ఆగిపోతుంది, జనం మాత్రం ఉంటారు. ఆండ్రాయిడ్, ఐఫోన్ విడివిడిగా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
రైడ్ పూర్తయితేనే లెక్కండి. రెండు ఫోన్లలోనూ ఒకేలా పడింది.

జవాబు 2 (హైదరాబాద్):
2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి మొదలైనప్పుడు నేనూ ఇదే పనిలో ఉన్నాను. మాకు ఆ దెబ్బ పగలే కనిపించింది. బస్సు రూటు వెంబడి వెళ్లే రైడ్లు తగ్గాయి. ఇంటి నుంచి బస్టాపుకో మెట్రో స్టేషన్‌కో వెళ్లే చిన్న రైడ్లు తగ్గలేదు. మీకు రాత్రి కూడా పడిందంటే వేరే ఏదో ఉంది. యాప్ తెరవడం, ఆటో వెతకడం, డ్రైవర్ ఒప్పుకోవడం, ఆటో ఎక్కడం... ఏ మెట్టు దగ్గర జనం ఆగిపోతున్నారో గంటల వారీగా తీయండి.

జవాబు 3 (ఆటో డ్రైవర్, విజయవాడ):
బాబూ, నేను పటమటలో ఉంటే గుణదలలో పికప్ చూపిస్తుంది. అంత దూరం ఖాళీగా పోతే గ్యాస్ డబ్బులు ఎవరిస్తారు? కాన్సిల్ కొడతాను. ఇప్పుడు రోజుకింత అని కట్టి మిగతాదంతా మనమే ఉంచుకునే యాప్‌లు వచ్చాయి. ప్రతి రైడుకూ కమీషన్ కోసే యాప్ ఆన్ చేయడమే మానేశాం.

ప్రశ్న అడిగినవారు:
రెండు రోజులు కూర్చుని తీశాను. పెద్దాయన చెప్పిందే డేటాలో ఉంది. యాప్ తెరిచి ఆటో వెతికేవాళ్లు దాదాపు అంతేమంది ఉన్నారు. పగలు బస్సు రూట్లలో కొంత తగ్గిన మాట నిజమే కానీ, అసలు గండి డ్రైవర్ ఒప్పుకునే చోట పడింది. బెంజ్ సర్కిల్ నుంచి ఒకామె ఓ రాత్రి వరుసగా ఆరుసార్లు బుక్ చేశారు. ఆరూ కాన్సిల్. ఆ తర్వాత ఆమె మా యాప్ తెరవలేదు. అంత రాత్రి ఆమె ఇంటికి ఎలా చేరారో మాకు తెలీదు. ఆమె పేరు ఎదురుగా 'ఇన్‌యాక్టివ్' అని ఉంది. చూసి చాలా బాధేసింది.

పెద్దాయనా, సోమవారంలోపు ఇంకో పదిమంది డ్రైవర్లతో మాట్లాడాలి. మీ స్టాండుకు ఎప్పుడు రమ్మంటారు?

జవాబు 3:
రేపు సాయంత్రం ఏడింటికి రా బాబూ. కమీషన్ కాగితం కూడా పట్టుకురా, అందరం ఉంటాం.