జేమ్స్ జాయిస్‌ను జ్యూరిక్ నుంచి డబ్లిన్‌కు తేవాలా, వద్దా?

పుస్తకాలపిచ్చి:
'యులిసిస్' నవల రాసిన ఐరిష్ రచయిత జాయిస్ సమాధి స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్‌లోని ఫ్లుంటెర్న్ శ్మశానంలో ఉంది. ఆయన్నూ భార్య నోరానూ సొంతూరికి తెద్దామని 2019లో డబ్లిన్ కౌన్సిలర్లు తీర్మానం పెట్టారు. 2022లో నవలకు వందేళ్లు కదా, ఆలోపు అయిపోవాలని వాళ్ల ఆశ. అవ్వలేదు. నా మటుకు తేవాల్సిందే. 1941 జనవరిలో ఆయన పోయాక, ఐర్లాండ్ తీసుకెళ్తానని నోరా అడిగితే అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. స్విట్జర్లాండ్‌లోనే ఉన్న ఐరిష్ దౌత్యాధికారులు అంత్యక్రియలకైనా వెళ్లలేదు. ఆ తప్పు దిద్దుకోవద్దా?

గోదారిగట్టు:
ఎవరి కోసం అండీ దిద్దుకోవడం? ఆయన 1912 తర్వాత ఆ ఊళ్లో అడుగే పెట్టలేదు. అప్పుడు అక్కడ ఆయన 'డబ్లినర్స్' కథలు అచ్చయి, ఇక బైండింగే తరువాయి అనగా, ప్రింటరు భయపడి కాగితాలన్నీ నాశనం చేయించాడు. తిరుగు ప్రయాణంలోనే వాళ్ల మీద తిట్టు కవిత్వం రాసుకుంటూ వెళ్లిన మనిషి! ఐర్లాండ్‌కు స్వాతంత్ర్యం వచ్చాక కూడా బ్రిటిష్ పాస్‌పోర్టు వదల్లేదు.

పుస్తకాలపిచ్చి:
ఊరు వదిలాడు సరే, ఊరు ఆయన్ను వదిలిందా? 'యులిసిస్' అంతా 1904 జూన్ 16న డబ్లిన్‌లో గడిచిన ఒక్క రోజు కథ. అందులో కథానాయకుడు బ్లూమ్ తాళం మర్చిపోయి, ఎక్లిస్ వీధి 7వ నంబరు ఇంటి కటకటాలు ఎక్కి కిందికి దూకుతాడు. దెబ్బ తగలకుండా మామూలు మనిషి అలా దూకగలడా అని, పారిస్ నుంచి డబ్లిన్‌లో ఉన్న అత్తకి ఉత్తరం రాసి కనుక్కున్నాడు. ఇంత పట్టింపు ఉన్నవాడికి ఊరంటే ప్రేమ లేదంటారా?

లిఫీ ఒడ్డు:
ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నా. ఏటా జూన్ 16న, బ్లూమ్ పేరు మీద జరిపే బ్లూమ్స్‌డేకి, జనం పాతకాలం టోపీలు పెట్టుకుని, కిడ్నీ వేపుడు తిని, ఫొటోలు దిగుతారు. (పుస్తకం పూర్తి చేశారా అని మాత్రం అడగకండి. నేనూ మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశా.) సమాధి కూడా వస్తే అదింకో సెల్ఫీ పాయింటు. కవి యేట్స్‌ను 1948లో ఫ్రాన్స్ నుంచి తెచ్చి ఐర్లాండ్‌లోని డ్రమ్‌క్లిఫ్‌లో పాతిపెట్టారు. ఆ పెట్టెలో ఉన్నవి ఆయన ఎముకలేనా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు!

గోదారిగట్టు:
జాయిస్ విషయంలో ఆ డౌట్ లేదులెండి. నా అభ్యంతరం వేరే. జ్యూరిక్ వాళ్లు 1966లో భార్యాభర్తలిద్దర్నీ ఒకచోట చేర్చి గౌరవ సమాధి కట్టారు. కొడుకు జార్జియో కూడా అక్కడే ఉన్నాడు. తల్లిదండ్రుల్ని పట్టుకొచ్చి కొడుకుని వదిలేస్తారా? పోనీ అనుమతి అడుగుదామంటే, వంశంలో చివరివాడైన మనవడు స్టీఫెన్ కూడా 2020లో పోయాడు.

పుస్తకాలపిచ్చి:
నోరా స్వయంగా అడిగిందన్న మాటకు మీరింకా జవాబు చెప్పలేదు.

గోదారిగట్టు:
నిజమే, మీ వాదనలో బరువున్నది ఆ ఒక్క మాటకే. కానీ కాదన్నాక ఆవిడ పదేళ్లు జ్యూరిక్‌లోనే ఉండి 1951లో అక్కడే పోయింది. శ్మశానం పక్కనే జూ. ఆయనకు సింహాలంటే ఇష్టమనీ, పడుకుని వాటి గర్జన వింటుంటాడనీ చెప్పుకునేదట.

లిఫీ ఒడ్డు:
సింహాల సంగతి ఇప్పుడే వింటున్నా! వచ్చే నెల జ్యూరిక్‌లో పనుంది. జూకి వెళ్లే 6వ నంబరు ట్రామ్ ఎక్కితే చాలట. సమాధి దగ్గర ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చున్న విగ్రహం ఉందిగా, ఫొటో పెడతా. సెల్ఫీ కాదులెండి.