కాలేజీ బేస్‌బాల్: ఫిబ్రవరి నంబర్లను ఎంతవరకు నమ్మొచ్చు?

అందరికీ నమస్తే. మా అబ్బాయి ఒహాయోలో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీ టీమ్‌లో పిచర్, అంటే మన బౌలర్ లాగా బంతి విసిరేవాడు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, ఈ ఆట కొంత అర్థమవుతుంది గానీ సీజన్ మొదట్లో వచ్చే నంబర్లు చూస్తే టెన్షన్‌గా ఉంటోంది.

ఫిబ్రవరి మధ్యలో సీజన్ మొదలైనప్పుడు ఇక్కడ గ్రౌండ్ల మీద మంచు ఉంటుంది కదా, అందుకని మొదటి వారాలు వీళ్ళు దక్షిణాది రాష్ట్రాలకు వెళ్ళి ఆడతారు, అక్కడివాళ్ళేమో అప్పటికే చాన్నాళ్ళుగా బయట ప్రాక్టీస్ చేసి ఉంటారు. మావాడు 3 ఇన్నింగ్స్‌లో 4 రన్స్ ఇచ్చాడు, ఈఆర్ఏ (9 ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఇచ్చే రన్స్) 12.00 అని పడింది. తర్వాత 5 ఇన్నింగ్స్ ఒక్క రన్ కూడా ఇవ్వకపోతే అదే 4.50 అయిపోతుంది, మరి ఆ 12కి విలువేముంది? బ్యాటర్లదీ అంతే, 20 అట్-బ్యాట్‌లలో (బ్యాటింగ్ అవకాశాల్లో) 8 హిట్లుంటే సగటు .400, అందులో రెండు అదృష్టం కొద్దీ పడినవైతే అసలు లెక్క .300 (మా ఇంట్లో ఈ లెక్కలు వినేవాళ్ళెవరూ లేరు).

ఇప్పుడు కోచ్ మావాణ్ణి వారాంతం సిరీస్ నుంచి మంగళవారం మ్యాచ్‌లకు మార్చారు. మంచి పిచర్లను శుక్రవారానికి, అంటే వారాంతం సిరీస్ మొదటి మ్యాచ్‌కి, ఉంచుతారని విన్నాను. మార్చిలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు (తమ లీగ్‌లోని కాలేజీలతో ఆడేవి) మొదలయ్యేసరికి మళ్ళీ మారుస్తారా? ఈఆర్ఏ వదిలేసి స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ ఇవ్వడం) మాత్రమే చూడమంటారా? ఎన్ని ఇన్నింగ్స్ అయ్యాక నంబర్లను పట్టించుకోవాలి? ఈ ఆట ఆడినవాళ్ళు, పిల్లల్ని ఆడించినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. వాణ్ణి అడిగితే "నాన్నా, వదిలెయ్" అంటున్నాడు.