స్కార్లెట్ జ్ఞాపకాన్ని సైలస్ చెరిపేయడం న్యాయమేనా? 'ది గ్రేవ్‌యార్డ్ బుక్' ముగింపుపై చర్చ

పుస్తకాల సంచి:
మా అమ్మాయికి 11 ఏళ్ళు. నీల్ గైమన్ రాసిన 'ది గ్రేవ్‌యార్డ్ బుక్' మూడు రాత్రుల్లో చదివేసింది. నాలుగో రోజు పొద్దున పాలగ్లాసు ముందు కూర్చుని "సైలస్ దొంగ" అన్నది. అంతే, ఇంకో మాట లేకుండా సంచి తగిలించుకుని బడికి వెళ్ళిపోయింది. ఆ మాటేమిటో తేల్చుకుందామని నేనూ చదివాను. ఇప్పుడు నాకూ నిద్ర పట్టడం లేదు, కాని దయ్యాలకు భయపడి కాదు.

చదవనివారి కోసం కథ చెబుతున్నాను. ముగింపు ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఇక్కడే ఆగండి. ఈ నవల 2008లో వచ్చింది. జాక్ అనే హంతకుడు ఒక రాత్రి ఒక ఇంట్లో తల్లినీ తండ్రినీ వాళ్ళ కూతురినీ చంపేస్తాడు. ఏడాదిన్నర పిల్లవాడు మాత్రం తప్పటడుగులు వేసుకుంటూ కొండ మీది పాత సమాధుల తోటలోకి వెళ్ళిపోతాడు. ఎప్పుడో చనిపోయిన ఓవెన్స్ దంపతులు వాడిని పెంచుకుంటారు. పేరు నోబడీ, అంటే 'ఎవరూ కాదు'. ముద్దుపేరు బాడ్. (తెలుగు లిపిలో చూస్తే చెడ్డవాడేమో అనిపిస్తుంది, ఏం చేస్తాం.) సంరక్షకుడు సైలస్. బతికున్నవాడూ కాదు, చచ్చినవాడూ కాదు. అతను ఏ జాతివాడో రచయిత పేరు పెట్టి చెప్పడు, మనమే గ్రహించాలి.

స్కార్లెట్ బాడ్‌కు పసితనపు స్నేహితురాలు. స్కాట్లాండ్‌కు వెళ్ళిపోయి, పెద్దదై తిరిగి వస్తుంది. ఆమెకు పరిచయమైన ఫ్రాస్ట్ అనే మర్యాదస్తుడే ఆ జాక్. చివరికి కొండ కింద ఉన్న పురాతన గుహలో ఆమెను అడ్డం పెట్టుకుని బాడ్‌ను చంపబోతాడు. ఆ గుహలో స్లీర్ అనే కావలి భూతం వేల ఏళ్ళుగా తన యజమాని కోసం కాచుకుని ఉంది. నువ్వే యజమానివి అనిపించుకో అని బాడ్ జాక్‌ను ఎగదోస్తాడు. స్లీర్ జాక్‌ను చుట్టేసుకుని గోడలోకి లాక్కుపోతుంది. స్కార్లెట్ వణికిపోయి, నన్ను ఎరగా వాడుకున్నావు, నువ్వూ వాడిలాంటివాడివే అంటుంది. ఆ తర్వాత సైలస్ ఆమె మనసులోంచి బాడ్‌నూ ఆ రాత్రినీ తీసేసి, తల్లికి నచ్చజెప్పి, ఇద్దరినీ గ్లాస్గోకు పంపించేస్తాడు.

మా అమ్మాయి కోపం దీని మీదే. మీరేమంటారు?

అర్ధరాత్రి దీపం:
సైలస్ తరఫున వకాల్తా నేను పుచ్చుకుంటాను. ఆ పిల్ల ఆ రాత్రి ఏమేం చూసిందో వరుసగా చెప్పుకోండి. నమ్మిన పెద్దమనిషి కత్తి తీశాడు. ఆ మనిషిని రాతిగోడ మింగేసింది. తన స్నేహితుడు చచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని సోమవారం బడికి వెళ్ళి లెక్కలు చేయాలా? ఎవరికైనా చెప్పుకుంటే పిచ్చిదంటారు, చెప్పుకోకపోతే లోలోపల కుళ్ళిపోతుంది. పైగా ఇది ఆ లోకపు కట్టడి. శవనాట్యం అధ్యాయం గుర్తుందా? చలికాలపు తెల్లపూలు పెట్టుకుని ఊరివాళ్ళంతా చచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని ఆడతారు. తెల్లవారితే బతికినవాళ్ళలో ఒక్కరికీ గుర్తుండదు. రెండు లోకాలకూ మధ్య ఉన్న తెర మరుపే. సైలస్ కొత్తగా చేసిందేమీ లేదు.

నిమ్మతొన:
దీపం గారూ, శవనాట్యంతో పోలిక కుదరదు. అక్కడ పోయింది ఒక సాయంత్రపు సంబరం. స్కార్లెట్ దగ్గర పోయింది ఆమె కోపం. నవల మొత్తంలో బాడ్‌ను నిలదీసిన ప్రాణి ఆమె ఒక్కతే. దయ్యాలు వాడిని ముద్దు చేస్తాయి, లుపెస్కు టీచరు తిట్టినా ప్రేమతోనే తిడుతుంది. నువ్వు చేసింది మనుషులు చేసే పనేనా అని అడిగే హక్కు ఉన్నది, అడిగే ధైర్యం ఉన్నది ఆ పిల్లకే. అడిగిన మర్నాటికి ఆ ప్రశ్నే లేకుండా పోయింది. ఇక బాడ్ ఎవరికి జవాబు చెప్పాలి?

ఇంకోటి. నాలుగో అధ్యాయం మళ్ళీ తీసి చూడండి. మంత్రగత్తె అని ముద్ర వేసి, నీళ్ళలో ముంచి, కాల్చి చంపిన లైజా హెంప్‌స్టాక్ సమాధి మీద రాయి లేదు. ముళ్ళకంపల మధ్య, దైవప్రార్థన జరగని నేలలో పడి ఉంది. ఆమెకు ఒక రాయి కొనిపెట్టాలని బాడ్ గుహలోని నగ పట్టుకెళ్ళి తాకట్టు కొట్టువాడి చేతికి చిక్కి, చావు తప్పించుకుని బయటపడతాడు. రాయి కొనలేకపోయాడు. అప్పుడేం చేశాడు? కాగితాల మీద బరువుగా పెట్టే గాజు గుండు ఒకటి తెచ్చి, దాని మీద రంగుతో ఆమె పేరులోని రెండు పొడి అక్షరాలు, వాటి కింద 'మేం మరచిపోము' అని రాసి ఆ ముళ్ళ మధ్య పెట్టాడు. అరచేతిలో పట్టే గాజుముక్క! పుస్తకంలో నన్ను ఏడిపించింది అదొక్కటే.

ఒకపక్క మరచిపోము అని రాసిపెట్టిన పుస్తకమే, ఇంకో పిల్లను అడగకుండా మరపిస్తే ఊరుకోవాలా?

పాత పంతులమ్మ:
మీరంతా చివరి గురించి కొట్టుకుంటున్నారు, నాకు మొదటి పేజీ దగ్గరే పుల్ల విరిగింది. చీకట్లో ఒక చెయ్యి, ఆ చేతిలో కత్తి. ఇదా పిల్లల పుస్తకం ఎత్తుగడ? ముప్పై ఏళ్ళు ఐదో తరగతికి చెప్పినదాన్ని. నిద్రలో ఉలిక్కిపడే పిల్లలను చూశాను. దీనికి 2009లో అమెరికా లైబ్రేరియన్ల న్యూబరీ పతకం, 2010లో బ్రిటన్ వారి కార్నెగీ పతకం వచ్చాయట, రెండూ తెచ్చుకున్న మొదటి పుస్తకం ఇదేనట. పతకాలు పెద్దవాళ్ళు ఇచ్చేవి. బహుమతి వచ్చిందని పిల్లవాడికి నిద్ర పడుతుందా?

అర్ధరాత్రి దీపం:
టీచరు గారూ, మీ తరం చందమామలో నెలనెలా ఏం చదివారు? పట్టువదలని విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి, భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచాడు కదా. శంకర్ గారు గీసిన ఆ బొమ్మలో పుర్రెలున్నాయి, పాములున్నాయి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలో మాంత్రికులూ రాక్షసులూ ఎందరో. మీకెవరికైనా నిద్ర పట్టలేదా?

పాత పంతులమ్మ:
శవం శవమే నాయనా, కాని అది ఎవరి నాన్నో మాకు చెప్పలేదు. ఇక్కడ చచ్చింది ఆ పసివాడి అమ్మా నాన్నా అక్కా. మీరు చూడవలసింది ఆ తేడా. హత్య జరుగుతుండగా చూపించలేదని, కత్తి తుడుచుకోవడమే చూపించాడని ఒప్పుకుంటాను. చెయ్యి తిరిగినవాడే. అయినా తొమ్మిదేళ్ళవాడికి ఇవ్వను. 12 దాటాక ఇస్తాను, అదీ పక్కన కూర్చుని.

పొగమంచు ఊరు:
మేం లీడ్స్‌లో ఉంటాం. మా అబ్బాయి పదేళ్ళవాడు, లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాడు. ఏం నచ్చిందిరా అంటే పిశాచాల గుంపు అన్నాడు. ఏ శవాన్ని తింటే ఆ శవం పేరే పెట్టుకుంటాయట, గొప్ప గొప్ప బిరుదులతో. అది చెప్పి ఒకటే నవ్వు. మొదటి పేజీ గురించి అడిగితే, అక్కడ జాక్ ఓడిపోయాడు కదమ్మా, పిల్లాడు తప్పించుకున్నాడు కదా అన్నాడు. మనం చచ్చినవాళ్ళను లెక్కపెడుతున్నాం, వాళ్ళు బతికినవాడి వెంట పోతున్నారు. స్కార్లెట్ గురించి మాత్రం వాడికి ఏ బాధా లేదు. "ఇంటికెళ్ళిపోయింది" అన్నాడు, అంతే. ఆడపిల్లలు చదివితే వేరుగా తగులుతుందేమో, సంచి గారి అమ్మాయిని చూస్తే అలా అనిపిస్తోంది.

నిమ్మతొన:
ఆడా మగా అని కాదు. ఎవరి మాట ఎన్నిసార్లు తుడిచేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. (సరే, ఆడపిల్లలకు ఆ లెక్క కొంచెం ఎక్కువే.)

తూరుపు గాలి:
ఎక్కువగా చదివేవాణ్ణే గాని ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఒక్క మాట చెప్పాలనిపించింది. ఇందాక ఎవరో విక్రమార్కుడి శ్మశానం ఎత్తారు. ఈ పుస్తకంలోది ఆ శ్మశానం కాదు. కాల్చేచోట పేర్లు మిగలవు. ఇది పేర్లు మిగిలే చోటు. మాది క్రైస్తవ కుటుంబం, మేం సమాధుల తోట అనే అంటాం. నవంబరు 2న సమాధుల పండుగ. ముందు రోజే గడ్డి పీకి, సమాధికి సున్నం కొట్టి, చెరిగిన అక్షరాల్లో నల్లరంగు దిద్దుతాం. చిన్నప్పుడు అక్షరాలు దిద్దే పని నాదే. నానమ్మ పేరులో ఒక వత్తు ఏటా కారిపోయేది, ఏటా మళ్ళీ పెట్టేవాణ్ణి. రాత్రి కొవ్వొత్తులు వెలిగించాక పిల్లలం సమాధుల మధ్య పరుగులు తీసేవాళ్ళం, ఎవరూ భయపడేవారు కాదు. ఓవెన్స్ అమ్మ బాడ్‌ను ఒడిలోకి తీసుకున్న చోట నాకు భయం రాలేదు, ఇంటికి వెళ్ళినట్టనిపించింది.

అందుకే నిమ్మతొన గారి గాజుగుండు నాకు బాగా అర్థమైంది. అలాగే సైలస్ చేసిన పని నాకు మింగుడు పడదు. చచ్చినవాళ్ళ పేర్లు కాపాడే చోట పెరిగిన పిల్లవాడి పేరు, బతికున్న ఒకే ఒక్క స్నేహితురాలి దగ్గర చెరిగిపోయింది. నష్టం స్కార్లెట్‌కే అంటున్నారు అందరూ. బాడ్‌కు కూడా కదా?

అర్ధరాత్రి దీపం:
అందరూ ఒకవైపు చేరారు, కాబట్టి నా చివరి అస్త్రం తీస్తున్నాను. ఈ నవలకు అచ్చు కిప్లింగ్ 1894లో అచ్చువేసిన 'జంగిల్ బుక్'. బొంబాయిలో పుట్టిన ఆయన మోగ్లీని మన సివనీ కొండల్లో తోడేళ్ళ మధ్య పెంచాడు, ఈయన బాడ్‌ను సమాధుల మధ్య పెంచాడు. షేర్ ఖాన్ స్థానంలో జాక్, బగీరా స్థానంలో సైలస్. ఇప్పుడు అక్కడేం జరిగిందో చూడండి. మోగ్లీ గేదెల మందను తోలి లోయలో పులిని తొక్కించి చంపుతాడు. ఊరివాళ్ళు మెచ్చుకున్నారా? మంత్రగాడని రాళ్ళు రువ్వి తరిమేశారు. వాళ్ళకు అన్నీ గుర్తున్నాయి మరి! గుర్తుండటం వల్ల ఒరిగింది రాళ్ళు. బాడ్ మీద మొదటి రాయి స్కార్లెట్ విసిరేసింది, నువ్వూ వాడిలాంటివాడివే అని. రెండో రాయి పడకుండా సైలస్ అడ్డుపడ్డాడు. పెంచినవాడు చేసే పని అది.

నిమ్మతొన:
చూశారా, మీరే ఒప్పుకున్నారు. మొదటి పోస్టులో ఆ పిల్ల లెక్కలు చేసుకోవాలని, ఆమె మేలు కోసమని వాదించారు. ఇప్పుడేమో బాడ్ మీద రాళ్ళు పడకూడదని. మరి సైలస్ ఎవరిని కాపాడాడు? మొదటి మాట నిజమైతే ఆమెను ఒక్క మాట అడిగేవాడు. రెండోది నిజమైతే అది మేలు కాదు, కొడుకు తప్పును కప్పిపుచ్చడం. ప్రేమ కొద్దీ చేశాడు, కాదనను. మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది. "ఆ సంగతి మరచిపో అమ్మా, నీ మంచికే" అని ఎంతమంది ఎంతమందికి చెప్పలేదు!

అయినా సైలస్ అంటే నాకు ఇష్టమే. ఒకప్పుడు జాక్ చేసినవాటి కంటే ఘోరాలు చేశానని తనే బాడ్‌తో ఒప్పుకుంటాడు చూడండి, తాను మారానని చెబుతాడు. మారినవాడు కూడా ఇంకా పాత పనిముట్లే వాడుతున్నాడు.

అర్ధరాత్రి దీపం:
పనిముట్ల మాట బాగుంది. ఆలోచిస్తాను. కాని వకాల్తా వెనక్కి తీసుకోవడం లేదు.

పాత పంతులమ్మ:
చివరి అధ్యాయంలో బాడ్‌కు దయ్యాలు కనబడటం తగ్గిపోతుంది, సైలస్ పాస్‌పోర్టు, కొంత డబ్బు చేతిలో పెట్టి లోకం మీదికి పంపుతాడు. ఓవెన్స్ అమ్మ వాడి పసితనంలో పాడిన జోలపాట పాడుతుంది. అక్కడ నా కళ్ళద్దాలు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. వాడు అంత జ్ఞాపకాన్ని మూటగట్టుకుని బయలుదేరాడు, ఆ పిల్ల వట్టి చేతులతో వెళ్ళింది. నిమ్మతొనతో ఏకీభవిస్తున్నాను. మొదటి పేజీ విషయంలో మాత్రం తగ్గేది లేదు.

పొగమంచు ఊరు:
టీచరు గారు కళ్ళు తుడుచుకున్నారంటే మా వాడు నమ్మడం లేదు.

పుస్తకాల సంచి:
రాత్రి అన్నం తిన్నాక ఈ చర్చ మొత్తం మా అమ్మాయికి చదివి వినిపించాను. తూరుపు గాలి గారి వత్తు దగ్గర మళ్ళీ చదవమంది. దీపం గారి గేదెల మంద దగ్గర "అది నిజమే" అంది, కాసేపు గోరు కొరుక్కుంది. చివరికి వచ్చాక ముఖం ముడుచుకుని, "నేనన్న మాట అందరికీ చెప్పే ముందు నన్ను అడగాలి కదా నాన్నా" అంది.

నిమ్మతొన గారూ, మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు.

తీసేయమంటావా అని అడిగాను. వద్దంది. కాని తప్పుగా రాశారు, సరిచేయండి అంది. తను "సైలస్ దొంగ" అనలేదట, "సైలస్ చేసింది దొంగతనం" అన్నదట. రెండూ ఒకటే కదా అన్నాను. కాదట. పై పోస్టును మార్చే గడువు దాటిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.