సంకీర్ణమా, కూటమా, పొత్తా?

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. గ్రూప్స్‌కు చదువుతోంది. "మామయ్యా, సంకీర్ణ ప్రభుత్వం, కూటమి ప్రభుత్వం ఒకటేనా? పుస్తకంలో ఒకటుంది, టీవీలో ఇంకోటి అంటున్నారు" అంది. ఒకటేలేమ్మా అని చెప్పేశాను. ఫోన్ పెట్టాక అనుమానం మొదలైంది. ఒకటే అయితే 1953లో కర్నూలులో ప్రకాశం గారు ఏర్పాటు చేసిన మంత్రివర్గాన్ని ఎవరూ కూటమి అనరెందుకు? అమరావతిలో 2024 జూన్ నుంచి ఉన్న దాన్ని మామూలు జనం సంకీర్ణం అనరెందుకు?

నాకు తెలిసినంత రాస్తాను, మిగిలింది మీరు పూరించండి.

సంకీర్ణంలో ఉన్న 'కీర్ణ'కు చల్లడం, వెదజల్లడం అని అర్థం. జనాకీర్ణంలో ఉన్నదీ అదే, సంకరం కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అంటే అసలు అర్థం కలగాపులగం! సంగీతం నేర్చుకున్నవాళ్లకు తాళాల లెక్కగా గుర్తుంటుంది: తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం ఐదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. కన్నడిగులు తమ ప్రభుత్వాన్ని 'సమ్మిశ్ర' అని ఏడు దగ్గర ఆగారు. మనవాళ్లు ఏకంగా తొమ్మిదికి పోయారు.

కూటమి మాత్రం అచ్చంగా మన 'కూడు' క్రియ నుంచి వచ్చింది. తమిళుల కూట్టణి దీనికి చుట్టమే. పాత శృంగార పదాల్లో కూటమి అంటే నాయికానాయకుల కలయిక. ఆ పదాలు చదివినవాళ్లకు "కూటమిలో అలకలు" అన్న పేపర్ హెడ్డింగు చూస్తే నవ్వాగదు.

జవాబు: పొత్తును మరిచిపోయిండ్రు సార్. మా కరీంనగర్ దిక్కు పొత్తుల బాయి అంటే ఇద్దరు ముగ్గురు పాలివాళ్లకు కలిసి ఉన్న బావి. మాకూ ఒకటుండేది, మా నాయినకు, ఇద్దరు బాబాయిలకు. మోటర్ ఒక్కటే, దినాలు వంతులు. కరెంటు ఎవరి వంతు రోజు పోతే వాళ్ల పొలం ఎండినట్టే, మర్నాడు పెట్టుకుంటమంటే ఒప్పుకోరు. ఒకసారి మోటర్ కాలింది. వైండింగ్ పైసలు ఎవరివి? కాలిన రోజు వంతు చిన్న బాబాయిది. "నిన్న నువ్వే రాత్రంతా నడిపినవు, ఇయ్యాల నా మీద కాలింది" అని ఆయన మా నాయిన మీదికి వచ్చిండు. పది దినాలు మోటర్ పైకి రాలేదు, ముగ్గురి మడులూ నెర్రెలు వారినై. "పొత్తుల మగడు పుచ్చి చచ్చాడు" అని మా నానమ్మ అప్పుడే అన్నది. పార్టీల పొత్తు అని ఎక్కడ విన్నా నాకు ఆ మోటరే కండ్ల ముందు ఉంటది.

జవాబు: బావి బాగుంది. అమాత్యుడి గురించి కూడా ఒక మాట. 'అమా' అంటే కలిసి, ఒకే ఇంట. అమాత్యుడంటే ఏలికతో ఒకే ఇంట ఉండేవాడు. అమావాస్యలో ఉన్నదీ ఈ 'అమా'నే, సూర్యచంద్రులు ఒకేచోట వసించే రోజు కాబట్టి. మంత్రివర్గంలో వేర్వేరు పార్టీల వాళ్లు కూర్చున్నా రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం అందరిదీ శాసనసభకు సమష్టి బాధ్యత. ఇల్లు ఒకటే. ఒకే ఇంట చేరితే పున్నమా, అమావాస్యా అన్నది వాళ్ల ఇష్టం.

జవాబు: ఉప ముఖ్యమంత్రి మాట కూడా రావాలి కదండీ. రాజ్యాంగంలో ఆ పదవి పేరే లేదు, ప్రమాణం మంత్రిగానే. అయినా సర్దుబాటు దగ్గర ముందు గుర్తొచ్చేది అదే. ఆంధ్ర, తెలంగాణ కలిసేముందు రెండు ప్రాంతాల నాయకులు 1956 ఫిబ్రవరిలో చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలని రాసుకున్నారు. తీరా రాష్ట్రం ఏర్పడ్డాక తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు ఆ పదవి ఎవరికీ ఇవ్వలేదు. చేతికి ఆరో వేలు లాంటిదన్నారని ప్రసిద్ధి. ప్రకాశం మంత్రివర్గంలో ఆ ఆరో వేలు ఆయనే!

మొదట అడిగినవాణ్ని: అందరికీ దండాలు. కేసులు ఒక్కొక్కటీ వేసి చూసుకున్నాను.

2009లో తెదేపా, తెరాస, సీపీఐ, సీపీఎం కలిసి మహాకూటమి అన్నాయి. ఓడిపోయాయి. కూటమి ఉంది, ప్రభుత్వం లేదు. 2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్, సీపీఐ పొత్తు పెట్టుకున్నాయి. సీపీఐ కొత్తగూడెం గెలిచింది, మంత్రివర్గంలో చేరలేదు. పొత్తు ఉంది, సంకీర్ణం లేదు. 1953లో మంత్రివర్గం కోసం కాంగ్రెస్, తన పార్టీలో లేని ప్రకాశం గారిని నాయకుడిగా తెచ్చుకుంది. అది సంకీర్ణం. పదమూడు నెలలకే మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటుతో పడిపోయింది.

ఇక ఆంధ్రలో 2024. 175 స్థానాల్లో తెదేపాకు 135, జనసేనకు 21, భాజపాకు 8. మెజారిటీకి 88 చాలు. తెదేపాకు సొంతంగానే సరిపోతుంది కాబట్టి సంకీర్ణం కాదని ముందు అనుకున్నాను. తప్పు. ముఖ్యమంత్రితో కలిపి 25 మందితో మంత్రివర్గం ఏర్పడితే అందులో జనసేన వాళ్లు ముగ్గురు, భాజపా ఆయన ఒకరు. మూడు పార్టీలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాయి, కాబట్టి సంకీర్ణమే. అయితే కలిసి ఓటడిగి వచ్చారు గనక జనం నోట కూటమి నిలిచిపోయింది.

పొత్తు సీట్ల దగ్గర, కూటమి ప్రచారంలో, సంకీర్ణం మంత్రివర్గంలో. ఇదే మేనకోడలికి చెప్పాను. వెంటనే అడిగింది: "మరి బయటి నుంచి మద్దతు ఇచ్చేవాళ్లను ఏమంటారు మామయ్యా?" దీనికి నా దగ్గర మంచి తెలుగు మాట లేదు. ఎవరి దగ్గరైనా ఉందా?

జవాబు: మాట లేదు గానీ మనిషి ఉన్నడు సార్. మా బాయి గట్టు మీద రోజూ కూర్చునే పక్క పొలం పెద్దాయన. ఆయనకు వంతు లేదు, వైండింగ్ ఖర్చు లేదు. మోటర్ ఎప్పుడు బంద్ చేయాలో మాత్రం ఆయనే చెప్పేటోడు.